చలామణిలో ఉన్న పుస్తకం

2023 మే 19న రిజర్వు బ్యాంకు రెండు వేల రూపాయల నోటును చలామణి నుంచి ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా చెప్పింది. నోటు చెల్లుబాటు రద్దు కాలేదు, అది యథాప్రకారం చెల్లుతుంది అని. చాలామందికి ఇది తిరకాసుగా తోచింది. చెల్లే నోటు చలామణిలో లేకపోవడమేమిటి? ఆలోచిస్తే ఇందులో తిరకాసేమీ లేదు. విలువ ఉండటం ఒక సంగతి, ఆ విలువ చేతులు మారుతూ పదిమందికీ పనికిరావడం ఇంకో సంగతి. ఒంట్లో రక్తం ప్రసరిస్తుంది, ఇంట్లో గాలి ఆడుతుంది, పత్రికకు సర్క్యులేషన్ ఉంటుంది, ఆఫీసులో సర్క్యులర్ బల్ల నుంచి బల్లకు తిరుగుతుంది, గ్రంథాలయంలో పుస్తకం పాఠకుడి ఇంటికి వెళ్లి వస్తుంది. వీటన్నిట్లోనూ ఉన్న సరుకెంత అన్న ప్రశ్న ఒకటి, అది ఎంత తిరుగుతోంది అన్న ప్రశ్న మరొకటి. మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే రెండోదానికీ తెలిసినట్టే అనుకుంటాం. ఆ పొరపాటు వల్ల ఎక్కువగా నష్టపోయినవి మన పౌర గ్రంథాలయాలని నా అభిప్రాయం. గ్రంథాలయాన్ని దాని బీరువాల్లో ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కపెట్టి కాక, ఏడాదిలో ఎన్నిసార్లు ఇళ్లకు వెళ్లి తిరిగొచ్చాయో లెక్కపెట్టి కొలవాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందుగా, తిరగడం అన్నది ఎంత పెద్ద పని చేస్తుందో లెక్కవేసి చూపిన మనిషి గురించి చెప్పాలి. ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే అనే వైద్యుడు 1628లో గుండె కదలిక మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అప్పటికి పద్నాలుగు వందల ఏళ్లుగా యూరపు వైద్యులు నమ్మింది గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాట. తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తం తయారుచేస్తుంది, అవయవాలు దాన్ని వాడేసుకుంటాయి, మళ్లీ కొత్తది తయారవుతుంది అని ఆయన సిద్ధాంతం. హార్వే చేసింది ఒక గుణకారం. గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి వెళ్లే రక్తాన్ని వీలైనంత తక్కువగానే అంచనా వేశాడు. దాన్ని అరగంటలో గుండె కొట్టుకునే సంఖ్యతో హెచ్చవేశాడు. వచ్చిన మొత్తం ఒంట్లో ఉన్న రక్తమంతటికంటే ఎక్కువ తేలింది. అంత రక్తం అరగంటకోసారి అన్నం నుంచి పుట్టడం అసంభవం. కనుక వెళ్లిన రక్తమే తిరిగి రావాలి. అది ఏ దారిన తిరిగి వస్తుందో ఆయన కళ్లతో చూడలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీలో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శిని పెట్టి ఆ సన్నని నాళాలను చూశాడు. ఇవాళ మనకు తెలిసిన లెక్క ప్రకారం మనిషి ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె నిమిషానికి దాదాపు అంతే రక్తాన్ని తోస్తుంది. అంటే రోజుకు ఏడు వేల లీటర్ల పని ఐదు లీటర్లతో జరుగుతోంది. సరుకు కొంచెమే, సేవ కొండంత. మధ్యలో ఉన్నది తిరుగు ప్రయాణం.

చలామణి అన్న ప్రతిదానికీ ఈ తిరుగు ప్రయాణం ఉండదని కూడా ఇక్కడే చెప్పాలి. పత్రిక సర్క్యులేషన్ ఒకవైపు ప్రయాణం. మన దేశంలో 1948 నుంచి పనిచేస్తున్న ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ లెక్కవేసేది అమ్ముడైన ప్రతులను. ఆ ప్రతిని తర్వాత ఎందరు చదివారో అది వేరే సర్వే తేల్చాల్సిన సంగతి. టీ కొట్టులో ఒకే పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లోకి వెళ్లి, సినిమా పేజీ ఒకరి దగ్గర, జిల్లా పేజీ మరొకరి దగ్గర ఉండటం మన ఊళ్లలో అందరూ చూసేదే. అమ్మకం లెక్కలో అది ఒక్క ప్రతే. గ్రంథాలయ పుస్తకం సంగతి రక్తానికి దగ్గర. అది బయలుదేరిన చోటికే వస్తుంది, వచ్చింది కనుకనే మళ్లీ వెళ్లగలుగుతుంది. ఒక శాఖా గ్రంథాలయంలో ఐదు వేల పుస్తకాలున్నాయనుకుందాం. సగటున ఒక్కో పుస్తకం ఏడాదికి ఆరుసార్లు ఇంటికి వెళ్తే అది ముప్పై వేల పఠనాలు. ఇంకోచోట ఇరవై వేల పుస్తకాలున్నాయి, ఏడాదిలో బయటికి వెళ్లినవి నాలుగు వేలు. జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో, అంటే ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా, వేదికల మీద గొప్పగా చెప్పేది సాధారణంగా ఈ రెండోదాని గురించే. ఇరవై వేల గ్రంథాలతో విలసిల్లుతున్న గ్రంథాలయం అంటారు. నిజానికి ఎక్కువ పని చేస్తున్నది మొదటిది.

గ్రంథాలయ పుస్తకం చివరి అట్ట తెరిస్తే ఒక చీటీ అతికించి ఉంటుంది. పైన ఈ పుస్తకాన్ని కింది తేదీలోగా తిరిగి ఇవ్వవలెనని అచ్చు, కింద గళ్లలో రబ్బరు స్టాంపుతో వేసిన ఊదారంగు తేదీలు. ఆ చీటీని ఓపికగా చదివితే ఆ పుస్తకం బతుకంతా తెలుస్తుంది. వేసవి సెలవుల్లో తేదీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఆ తర్వాత ఆరు నెలలు ఖాళీ. చీటీ నిండిపోతే దానిమీదే కొత్త చీటీ అతికిస్తారు, అలా మూడు నాలుగు పొరలు పేరుకున్న పుస్తకాలుంటాయి. వాటికి అసలు అట్ట పోయి క్యాలికో గుడ్డతో గట్టి బైండు వచ్చి ఉంటుంది. మూలలు గుండ్రంగా అరిగి ఉంటాయి. పక్కనే అదే ఏడాది కొన్న ఇంకో పుస్తకం, అట్ట నిగనిగలాడుతూ, చీటీ మీద ఒక్క తేదీ కూడా లేకుండా ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి కంటికి రెండోదే బాగా కాపాడిన పుస్తకంలా కనిపిస్తుంది. స్టాకు రిజిస్టరు దృష్టిలో రెండూ సమానమే, రెండింటికీ తలా ఒక నంబరు. ఇష్యూ రిజిస్టరు తెరిచినప్పుడే తేడా తెలుస్తుంది. ఆ రెండో రిజిస్టరును పైవాళ్లు ఎవరూ అడగరు. అడిగేవాళ్లు లేని రిజిస్టరు క్రమంగా రాయడం మానేస్తారు.

మన గ్రంథాలయోద్యమం పుట్టినప్పుడు సంగతి ఇలా లేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం ఏర్పడింది. దాని వెనక నిలబడి నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, తర్వాతి కాలంలో తోడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, పాతూరి నాగభూషణంగారు పుస్తకం ఉన్నచోటికి పాఠకుడు రావాలని కూర్చోలేదు. గ్రంథాలయ యాత్రలని బయలుదేరి ఊరూరా తిరిగారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరివారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కృష్ణా డెల్టాలో అప్పట్లో మనుషులూ ధాన్యమూ ప్రయాణించేది కాలువల మీదే కనుక పుస్తకాలనూ అదే దారిలో పెట్టారు. తమిళనాడులోని మన్నార్‌గుడిలో 1931లో కనకసభై పిళ్లై అనే ఇంజనీరు ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు తిప్పారు. అదే ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ తన ఐదు గ్రంథాలయ సూత్రాలు ప్రకటించారు. పుస్తకం ఉన్నది వాడకానికి అన్నది వాటిలో మొదటిది. ఇంత తేలిక మాటను సూత్రంగా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తెలియాలంటే, యూరపులో వందల ఏళ్లపాటు పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టి ఉంచారన్నది గుర్తుంచుకోవాలి. ఇంగ్లండులోని హెరిఫర్డ్ కెథడ్రల్‌లో ఆ గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ చూడొచ్చు.

తెలంగాణలో ఈ పని మరింత కష్టం మీద జరిగింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. నిజాం సర్కారు జారీచేసిన గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. గస్తీ అంటే సర్క్యులరే. గ్రంథాలయ వార్షికోత్సవం కూడా సభే కనుక దానికీ ఆ బాధ తప్పలేదు. ఇలాంటి రోజుల్లో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తనే మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. సర్కారు సర్క్యులర్ ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరుగుతుంటే, పుస్తకం నడుచుకుంటూ ఇంటింటికీ తిరిగింది. పుస్తకం భద్రంగా ఒకచోట ఉండటం పాలకులకు ఎన్నడూ ఇబ్బంది కాలేదు. అది చేతులు మారడమే వాళ్లకు ఇబ్బంది అయింది.

ఇక ఈ వాదానికి వచ్చే అభ్యంతరాలు చూద్దాం. మొట్టమొదటిది అందరికీ తెలిసినదే. పరుల చేతికి వెళ్లిన పుస్తకం తిరిగి రాదని, వచ్చినా చిరిగి వస్తుందని పెద్దలు చెప్పిన మాట. గ్రంథపాలకుడికి ఇది సామెత కాదు, జీతం సంగతి. స్టాకు వెరిఫికేషన్‌లో పుస్తకం లెక్క తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది, ఒక్కోసారి సొంత డబ్బు కట్టాల్సింది ఆయనే. ఎవరూ తీసుకెళ్లకపోతే ఆయన్ని అడిగేవాళ్లుండరు. ఇచ్చినందుకు శిక్ష ఉండి, ఇవ్వనందుకు శిక్ష లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? బీరువాకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. ఆ మనిషిని నేను తప్పుపట్టడం లేదు, ఆ నియమాన్నే తప్పుపడుతున్నాను. దీనికి మందు ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళిలో గ్రంథాలయాల గురించి ఒక నియమం ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వాళ్లు సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోవడం సహజ నష్టమేనని, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలని అది చెబుతుంది. వెయ్యి రూపాయలకు పైబడిన పుస్తకమైనా, అపురూప గ్రంథమైనా పోతే మాత్రం విచారణ తప్పనిసరి. ఇక్కడ గమనించాల్సింది ఐదు అన్న అంకెను కాదు, వెయ్యి దేన్ని బట్టి లెక్కించారన్నదాన్ని. బీరువాలో ఉన్న వెయ్యికి కాదు, తిరిగిన వెయ్యికి. పది వేల పుస్తకాలు తిప్పిన చోట యాభై పోయినా సహజమే. ఏమీ తిప్పని చోట ఒక్కటి పోయినా దానికి సాకు లేదు. చలామణిని కొలతగా పెట్టుకుంటే నష్టాన్ని చూసే కన్నే మారుతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు. ఇది కేంద్ర సంస్థల కోసం రాసిన నియమం. మన జిల్లా గ్రంథాలయ సంస్థలు, పంచాయతీ గ్రంథాలయాలు కూడా ఇదే కొలతను ధైర్యంగా, లిఖితపూర్వకంగా పాటిస్తే తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. గ్రంథాలయం పని పంచడమే కాదు, దాచడం కూడా అంటారు. నన్నెచోడుడి కుమారసంభవం దీనికి గట్టి ఉదాహరణ. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా మానవల్లి రామకృష్ణకవిగారు దాన్ని 1909లో వెలుగులోకి తెచ్చారు. అంతవరకూ ఆ కావ్యం ఉనికే పండితలోకానికి దాదాపుగా తెలియదు. ఎవరూ చదవకపోయినా దాచి ఉంచారు కనుకనే అది దక్కింది కదా అంటారు. నిజమే, దక్కింది. ఆ దాచిన చేతులకు మనం రుణపడి ఉన్నాం. కానీ రెండు సంగతులు చూడాలి. మన వాతావరణంలో తాటాకు నాలుగైదు వందల ఏళ్లకు మించి నిలవడం అరుదు. పురుగు, చెమ్మ దాన్ని తినేస్తాయి. కాబట్టి పాత కావ్యం ఏదైనా మన దాకా వచ్చిందంటే మధ్యలో ఎవరో దాన్ని ఎరువు తెచ్చుకుని, చదివి, గంటంతో మళ్లీ రాసుకున్నారన్నమాట. తంజావూరుకు చేరక ముందు ఆ కావ్యం కూడా కొన్ని చేతులు తిరిగే ఉంటుంది. రెండోది, అది ఒకే ఒక ప్రతిగా మిగలడం వల్ల మనం ఎంత పోగొట్టుకున్నామో లెక్కలేదు. కవిత్రయం తర్వాత కావ్యాలు రాసినవాళ్లకు, లక్షణ గ్రంథాలు రాసినవాళ్లకు, మన పాఠ్యపుస్తకాలకు శతాబ్దాలపాటు నన్నెచోడుడు లేనివాడే. కావ్యం బతికే ఉంది, కానీ తెలుగు సాహిత్యంలో దాని పని ఆగిపోయింది. రెండు వేల నోటు గురించి మొదట చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

దీనికి ఎదురుగా వేమనను పెట్టి చూడండి. ఆయన పద్యాలు దక్కింది ఏదో ఒక రాజుగారి గ్రంథాలయం వల్ల కాదు. నోటినుంచి నోటికి, ఆకునుంచి ఆకుకు తిరిగాయి. తిరిగేటప్పుడు మాటలు మారాయి, ఇతరుల పద్యాలు వచ్చి కలిశాయి. చలామణి పాఠాన్ని చెడగొడుతుందని పండితులు చెప్పే ఆక్షేపణ ఇదే, అందులో అసత్యం లేదు. అయితే సి.పి. బ్రౌన్ చేసిన పని చూడండి. ఆయన పల్లెల నుంచీ పండితుల నుంచీ ఎన్నో ప్రతులు తెప్పించి, జీతాలిచ్చి పెట్టుకున్న పండితులతో ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశారు. కడపలో ఆయన బంగళా అలాంటి ప్రతుల పోలికకు ఒక కార్యాలయంగా మారింది. అనేక కావ్యాలకు ఆయన ఇలాగే శుద్ధప్రతులు తయారుచేయించారు. ప్రతులు పదున్నాయి కనుకనే వాటిని పక్కపక్కన పెట్టి ఈ మాట తప్పు, ఈ మాట ఒప్పు అని తేల్చగలిగారు. ఒక్క ప్రతే ఉంటే అందులో తప్పున్నా పట్టుకునే మార్గం లేదు. తిరగడం వల్ల తప్పులు పుడతాయి, ఆ తప్పులు దిద్దుకునే సాధనం కూడా తిరగడం వల్లే పుడుతుంది. కదలకుండా దాచిన ప్రతి ఈ రెండో మేలు చేయలేదు.

మన కాలంలోనే దీనికి ఇంకో రుజువు ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కొన్నేళ్లకు ఆ వెబ్‌సైటు మూతపడింది. అప్పటికే ఆ పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి, ఎందరో పాఠకుల కంప్యూటర్లలోకి వెళ్లిపోయి ఉండటంతో తెలుగువాళ్లు ఎక్కడున్నా వాటిని ఇవాళ కూడా చదువుకోగలుగుతున్నారు. మూలస్థానం పోయినా పుస్తకాలు దక్కాయంటే, అవి ఒకచోట లేకపోవడమే కారణం. ఇంత చెప్పినా తాళపత్రాన్ని పదిహేను రోజులకు ఇంటికిమ్మని నేను అనను. వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో ఉన్న పాత పత్రికల సంపుటాలూ అపురూప ప్రతులూ అక్కడే కూర్చుని చూసుకోవాల్సినవి. వాటిని తిప్పే పద్ధతి వేరు: స్కాన్ చేయడం, సూచిక తయారుచేయడం, అడిగినవారికి ప్రతి ఇవ్వడం. కానీ మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో ఉన్న నవల, పిల్లల కథలు, వ్యవసాయ పుస్తకం అపురూప సంపద కాదు. అది పాతబడి, చిరిగి, కొత్త ప్రతికి చోటిచ్చి పోవాల్సిందే.

చలామణినే కొలతగా పెట్టుకుంటే గ్రంథాలయం చవకబారు నవలలతో నిండిపోతుందని కొందరి భయం. 1970, 80 దశకాల్లో మన పట్టణాల్లో అద్దె పుస్తకాల దుకాణాలు వీధికొకటి ఉండేవి. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ నవలలు రోజువారీ అద్దెకు ఇల్లిల్లూ తిరిగాయి. ఏ గ్రాంటూ లేకుండా ఆ చిన్న దుకాణదారులు లక్షల మందికి, ముఖ్యంగా ఇల్లు దాటి గ్రంథాలయానికి వెళ్లే వీలులేని ఆడవాళ్లకు, చదివే అలవాటు చేశారు. ఆ అలవాటు అన్నివేళలా గొప్ప సాహిత్యం వైపు నడిచిందని నేను చెప్పను. చదివే అలవాటే లేనివాళ్లకు గొప్ప సాహిత్యం చూపించడం మాత్రం ఎవరి తరమూ కాదు. అయినా ఈ భయంలో కొంత నిజం ఉంది కనుక కొలతను తెలివిగా వాడాలి. ఎక్కువ తిరిగిన పుస్తకాల జాబితాతో పాటు ఒక్కసారి కూడా కదలని పుస్తకాల జాబితా కూడా తీయాలి. కదలని పుస్తకం ఎవరికీ అక్కరలేనిదై ఉండవచ్చు, లేదా కావలసినవారి కంట పడనిదై ఉండవచ్చు. మొదటిదైతే కొనుగోలు తప్పు, రెండోదైతే అమరిక తప్పు. ఏది ఏదో తేల్చగలిగేది ఆ ఊరి పాఠకులను ఎరిగిన గ్రంథపాలకుడే. ఎక్కడో హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకే జాబితా మీద టోకున కొని అన్ని శాఖలకూ పంచితే ఈ విచక్షణకు చోటే ఉండదు.

పుస్తకం ఒకటి కొని వందమందికి తిప్పితే రచయిత నోరు కొట్టినట్టు కాదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. డెన్మార్క్ 1946లోనే గ్రంథాలయాల్లో ఉన్న తమ పుస్తకాలకు గాను రచయితలకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. బ్రిటన్ 1979లో చట్టం చేసి, పుస్తకం ఎన్నిసార్లు పాఠకుల చేతికి వెళ్లిందో నమూనా లెక్కలు తీసి, 1984 నుంచి రచయితలకు చెల్లిస్తోంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. రావాలంటే ముందు ఏ పుస్తకం ఎన్నిసార్లు తిరిగిందో లెక్క ఉండాలి. కాబట్టి రచయితల తరఫున మాట్లాడేవారు కూడా అడగాల్సింది ఆ ఇష్యూ లెక్కనే.

ఇప్పుడెవరు చదువుతున్నారండీ, అందరి చేతుల్లోనూ ఫోనే కదా అన్న మాట తరచూ వింటాం. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఏ ఉదయమైనా వెళ్లి చూస్తే కుర్చీ దొరకదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతీయువకులు సంచుల్లో సొంత పుస్తకాలు పెట్టుకుని వచ్చి రాత్రిదాకా కూర్చుంటారు. జిల్లా కేంద్రాల్లోనూ ఇదే దృశ్యం. వాళ్లకు గ్రంథాలయం ఇస్తున్నది కుర్చీ, వెలుతురు, నిశ్శబ్దం. అది చిన్న మేలు కాదు, ఇంట్లో చదువుకునే చోటులేని పిల్లలకు అది పెద్ద ఆసరా. కానీ హాలు నిండింది కనుక గ్రంథాలయం బాగా నడుస్తోందని తీర్మానించడం సరికాదు. చదవాలన్న పట్టుదల అంతమందిలో ఉన్నప్పుడు, వాళ్లు తెచ్చుకున్న పుస్తకాలు వాళ్ల సంచుల్లోనే ఎందుకున్నాయి, గ్రంథాలయ పుస్తకాలు బీరువాల్లోనే ఎందుకున్నాయి అని అడగాలి. తాజా పుస్తకాలు కొనే డబ్బు లేక అన్నది చాలా చోట్ల వచ్చే జవాబు. డబ్బుకు దారి చట్టంలోనే ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వారసత్వంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. ప్రజలు ఇంటిపన్నుతో పాటు దాన్ని కడుతూనే ఉన్నారు. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలుచేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్లనాటిది. అది కూడా చలామణిలో ఆగిపోయిన సొమ్మే. బకాయిలు కదిలితే పుస్తకాలు కదులుతాయి.

ఇది వింటున్న మీకు ఒక మనవి. మీ ఊరి గ్రంథాలయానికి ఈ నెలలో ఒకసారి వెళ్లండి. సభ్యత్వం లేకపోతే డిపాజిట్ కట్టి తీసుకోండి. ఒక పుస్తకం ఇంటికి తెచ్చుకోండి, చదివి గడువులోగా తిరిగి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, గత ఏడాది ఇక్కడి నుంచి ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయని గ్రంథపాలకుణ్ణి అడగండి, ఆ అంకెను గ్రంథాలయం నోటీసు బోర్డు మీద నెలనెలా రాయమని కోరండి. మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ సమావేశంలో సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమచేశారు అని అడగండి. ఈ ప్రశ్నలు అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది.